వెడల్పుదే వెయ్యి

జనవరి 11

అక్కా,

బాగున్నావా అని అడగను. అడిగితే, బాగుండనిచ్చావా అంటావు. ఫోన్ చేస్తే ఎత్తవు. నా గొంతు వింటే ఒళ్ళు మండుతుందని, ఏదున్నా కాగితం మీద ఏడవమని నువ్వే అన్నావు కాబట్టి కాగితం మీదే ఏడుస్తున్నాను.

మార్చి ఇరవై రెండున పెద్దరోడ్డు మీద ఒంటిచక్రం పందెం మళ్ళీ పెడుతున్నారు. పదమూడేళ్ళ తర్వాత. ఈ ఊరి బస్సు డిపో దగ్గర మొదలై మీ ఊరి స్టేడియంలో ముగుస్తుంది, ఎనభై కిలోమీటర్లు. ఆడవాళ్ళలో ముందు చేరినవాళ్ళకి ఆ స్టేడియంలోనే శిక్షకురాలి ఉద్యోగం. పర్మినెంటు. ఉండటానికి గది కూడా ఇస్తారట. ఒకరి బతుకు ఒడ్డున పడే సంగతి ఇది.

ముప్పయ్యారు అంగుళాల చక్రం సిద్ధంగా ఉంది. పని టైరు దగ్గర ఆగింది. రెండు తెచ్చి గోడకి ఆనించి రోజూ చూస్తున్నాను. ఒకటి సన్నది, ఒకటిన్నర అంగుళాలు. గట్టిగా గాలి కొడితే తేలిగ్గా పరుగందుకుంటుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, కానీ ప్రతి రాయీ వెన్నులో తెలుస్తుంది. రెండోది వెడల్పుది, రెండుంబావు. గుంతల్ని మింగేస్తుంది. కానీ బరువు. పైగా రోడ్డు ఎటు వాలి ఉంటే అటు లాగుతుంది. దాన్ని నిటారుగా పట్టి తొక్కేసరికి సగం దారిలోనే తొడలు బిగుసుకుపోతాయి. మామూలు సైకిలైతే ఏదో ఒకటి తగిలించి పొమ్మనొచ్చు. దీనికి హ్యాండిల్ లేదు, రెండో చక్రం లేదు. ఉన్నది ఆ ఒక్క టైరే.

ఆ రోడ్డూ టైర్లూ నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియవు. నిన్నే అడగమని ఇక్కడ ఒకరు నన్ను పోరి పోరి చంపుతున్నారు, లేకపోతే అడిగేదాన్ని కాదు. సన్నదా, వెడల్పా? ఒక్క ముక్క రాయి.

చెల్లి


జనవరి 19

ఒసేయ్ చెల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను షాపులో పంక్చరైన లారీ చక్రం కింద ఉన్నాను. చేతికి గ్రీజు ఉందని పోస్టుమాన్ ఉత్తరాన్ని గాలి పంపు మీద పెట్టి పోయాడు. మధ్యాహ్నం దాకా అది అక్కడే ఉంది. తెరవకుండా పారేద్దామని రెండుసార్లు అనుకున్నాను.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఇప్పుడు కాళ్ళ వంతు వచ్చిందన్నమాట. అవీ సరిగ్గా లేవులే, ఒకటి నువ్వే తీసుకున్నావు.

నాన్న మనల్ని ఎలా పెంచాడో మర్చిపోయావా? రోజూ పొద్దున్నే పెరట్లో ఇద్దరికీ చెరో చక్రం ఇచ్చి ఒకటే పాఠం చెప్పేవాడు. పందెంలో పక్కనున్నది ఏం చెప్తే దానికి ఎదురు చెయ్యి, తోడబుట్టినదైనా సరే. ఒకరి మాట ఒకరు విన్నామని తెలిస్తే పాత ట్యూబు ముక్కతో పిక్కల మీద కొట్టేవాడు. పదమూడేళ్ళ కిందట, జీవితంలో ఒక్కసారి, నాన్న పాఠం తప్పాను. "సన్నదే వెయ్యి అక్కా" అన్నావు, వేశాను. తడిసిన రోడ్డు మీద అరవై ఒకటో కిలోమీటరు దగ్గర అది జారింది. వెడల్పు టైరు వేసుకున్న నువ్వు నా పక్కనుంచే వెళ్ళి కప్పు తెచ్చుకున్నావు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. నా మోకాలు ఇప్పటికీ సగమే వంగుతుంది. షాపులో నేల మీద కూర్చోవాలంటే ముందు ఆ కాలు పక్కకి పారేసి కూర్చోవాలి.

ఇంకో మాట. నా కూతురు మీ ఊరి కాలేజీ హాస్టల్లో ఉంది. దాని గుమ్మం తొక్కావంటే మర్యాద దక్కదు. పన్నెండో ఏట అది దొంగతనంగా చక్రం ఎక్కుతుంటే, దాన్ని ఎదురుగా నిలబెట్టి ఆ చక్రం చువ్వలు ఒక్కొక్కటే కత్తిరించాను. ముప్పయ్యారు చువ్వలు. ఏడవలేదు, లెక్కపెట్టుకుంటూ నిలబడింది. ఆ పిచ్చి దానికి అక్కడితో వదిలింది. మళ్ళీ అంటించకు.

తొక్కేవాళ్ళ బరువెంత, పెడలు బిగించే క్రాంకు కడ్డీ పొడవెంత రాయి. నలభై దాటాక నీకీ వేషాలేమిటో నాకర్థం కాదు.

అక్క


జనవరి 27

అక్కా,

బరువు యాభై రెండు కిలోలు. క్రాంకు నూటపాతిక మిల్లీమీటర్లు.

ఆ రోజు ఇంట్లో సన్న టైరు ఒక్కటే ఉంది. వేగంగా వెళ్ళేది అది. దాన్ని నీకిచ్చి నేను వెడల్పుది వేసుకున్నాను, నువ్వు గెలవాలని. వాన పడుతుందని నాకెవరు చెప్పారు? నువ్వు పడ్డప్పుడు దిగలేదు, ఆ తప్పు నాదే. దిగితే నాన్న చంపేస్తాడన్న భయంతో తొక్కుకుంటూ పోయాను. పదమూడేళ్ళుగా చెప్తున్నాను, నువ్వు వినవు. వినకు.

నీ కూతురికి అప్పుడప్పుడూ రెండు మంచి ముక్కలు రాయకూడదా? హాస్టల్లో ఉండే పిల్లలు ఉత్తరం వచ్చిందంటే ప్రాణం పెడతారు. నువ్వు రాసేదెప్పుడూ మార్కుల గురించేనట. ఎవరో చెప్పారులే, నీ కూతురు కాదు.

టైరు సంగతి రాయి. వారం రోజుల్లో సాధన మొదలుపెట్టాలి.

చెల్లి


ఫిబ్రవరి 6

యాభై రెండు కిలోల సుందరికి,

చదివి షాపులో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడు నాకేదో అయిందనుకున్నాడు. పెళ్ళినాటికే నువ్వు అరవై. టైరు అడగడానికి రాసిన ఉత్తరంలో కూడా వయ్యారం పోవాలా? నీ అసలు బరువు నాకు తెలుసు, దాన్నిబట్టే చెప్తున్నాను.

నా కూతురు గురించి నీకు చెప్పిన ఆ ఎవరో ఎవరో నాకనవసరం. అది చదువుకుంటోంది. మార్కులు కాక ఇంకేం రాయాలి, కవిత్వమా?

టైరు వెడల్పుదే వెయ్యి. కారణం అడక్కు.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

కారణం అడగవద్దంటే ఎలా? మా వైపు నలభై కిలోమీటర్లూ రెండు టైర్లతోనూ తొక్కి చూడటం అయింది. సన్నదానితో తొమ్మిది నిమిషాలు ముందు. వెడల్పుది ముప్పయ్యో కిలోమీటరు నుంచే ఎడమకి లాగడం మొదలుపెట్టింది. గాలి పెంచితే లాగడం కొంచెం తగ్గింది కానీ బరువు తగ్గదుగా. మీ వైపు రోడ్డు నేను చూడలేదు, వెడల్పు చేశాక నున్నగా ఉందంటున్నారు. నున్నటి రోడ్డు మీద ఆ బరువు మోసుకుపోవడం ఎందుకు?

నువ్వు ఊరికే ఏదీ చెప్పవు. ఉన్నదేదో ఒక్క వాక్యం రాయి, కళ్ళు మూసుకుని వెడల్పుది బిగిస్తాను.

చెల్లి


ఫిబ్రవరి 26

బంగారు చెల్లికి,

నిన్నటి నుంచీ నీ గురించే ఆలోచిస్తున్నాను. ఎంతైనా ఒక కడుపున పుట్టినవాళ్ళం. పాత సంగతులు తవ్వుకుని ఏం బావుకుంటాం? నువ్వు గెలవాలి. గెలిచి ఆ ఉద్యోగంలో చేరితే రోజూ నా షాపు ముందు నుంచే స్టేడియానికి నడిచి వెళ్తావు, ఇద్దరం కలిసి టీ తాగుతాం.

అక్క మాట విను తల్లీ. వెడల్పుదే వెయ్యి. నీ మంచి కోరే చెప్తున్నాను. ఎందుకని అడగకు, నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా? వేళకి తిను, మంచినీళ్ళు బాగా తాగు, నిద్ర చెడగొట్టుకోకు.

నీ మేలు కోరే అక్క


మార్చి 9

అక్కా,

అతి వినయం ధూర్త లక్షణం అంటారు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను బంగారం అనలేదు, తల్లీ అనలేదు. తిట్టి చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో. ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. వెడల్పు టైరు బరువుకి డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర సొమ్మసిల్లి పడిపోవాలని కదూ నీ కోరిక? నాన్న పాఠం నీకొక్కదానికే చెప్పలేదు.

సన్నదే బిగించాను. గాలి గట్టిగా కొట్టాను. వెడల్పుదాన్ని అటక మీద పడేశాను. ఇక్కడ ఒకరు, నువ్వు చెప్పిందే వేద్దామని రెండు రోజులు నాతో మాట్లాడటం మానేశారు. ఆ ఒకరికి నువ్వెవరో పూర్తిగా తెలియదు పాపం.

స్టేడియానికి రా. ఎవరు ముందొస్తారో నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని. అప్పుడు నీకు చెప్పాల్సింది ఒకటుంది.

చెల్లి


మార్చి 24

ఏమే, ఎలా ఉన్నావు?

స్టేడియానికి నేను రాలేదు. రావాల్సిన అవసరం లేదని నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం లారీ డ్రైవరొకడు పంక్చరు వేయించుకుంటూ చెప్పాడు, పెద్ద వంతెన మీద అందరికంటే ముందు వస్తున్న ఒంటిచక్రం ఆమె పడిందట, వ్యానులో వేసుకుపోయారట. వాడికి టీ తెప్పించాను.

కారణం కావాలన్నావుగా, ఇప్పుడు రాస్తాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత వంతెన పక్కనే కొత్తది కట్టి కలిపారు. రెండింటికీ మధ్య నిలువునా చీలిక వదిలేశారు, మూడు వేళ్ళు పట్టేంత. వంతెన దిగాక స్టేడియం రోడ్డు కుడివైపు కాబట్టి ఎవరైనా ఆ చీలిక దాటాల్సిందే. వెడల్పు టైరు దాని మీదుగా వెళ్ళిపోతుంది. సన్నది అందులో దిగి అక్కడే ఆగిపోతుంది, తొక్కేవాళ్ళు ఆగరు. ఆ వంతెన మీద రిమ్ము వంకర పోయిన సైకిళ్ళు నెలకి నాలుగు నా షాపుకి వస్తాయి. ఉన్న రోడ్లలో నాకు బాగా తెలిసింది అదే.

నీకు నేను ఒక్క అబద్ధం చెప్పలేదు చూశావా? వెడల్పుదే వెయ్యమని రెండుసార్లు రాశాను. మామూలుగా చెప్తే ఎక్కడ వింటావోనని బంగారం, తల్లీ అని తేనె కూడా పూశాను. అలా రాస్తే నువ్వు సన్నదే బిగిస్తావని నాకు తెలుసు. అబద్ధం చెప్పి పడగొట్టడం నీ పద్ధతి. నేను నిజం చెప్పి పడగొట్టాను.

ఇంతకీ కుడి మోకాలా, ఎడమా? నాది ఎడమది. పదమూడేళ్ళలో మొన్న ఆదివారం మొదటిసారి హాయిగా నిద్రపోయాను.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

కుడి మోకాలు.

నాది కాదు. డిసెంబరులో మెట్ల మీద పడి నా భుజం ఎముక విరిగింది, అప్పటి నుంచీ చక్రం ఎక్కలేదు. తొక్కింది నీ కూతురు. యాభై రెండు కిలోలు దానివి.

హాస్టల్ వదిలి అక్టోబరులోనే మా ఇంటికి వచ్చేసింది. చదువు మానలేదు, పొద్దున్నే రోడ్డు మీద సాధన చేసి కాలేజీకి పోయేది. చక్రం దానికి నేను అంటించలేదు. నువ్వు చువ్వలు కత్తిరించిన ఏడాదికే స్నేహితురాలి చక్రం మీద మళ్ళీ మొదలుపెట్టిందట. ఆ ఉద్యోగం వస్తే గదిచ్చి జీతమిస్తారు, మీ ఊళ్ళోనే, నీ కళ్ళ ముందే. అప్పుడిక అమ్మ కాదనలేదని దాని ఆశ. గెలిచి, చెమటతో నీ షాపు ముందు దిగి, తనే చెప్తానంది. అందాకా చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. టైరు గురించి నిన్నే అడగమని పోరింది అదే. అమ్మకి తెలిసినంత ఎవరికీ తెలియదు పిన్నీ అనేది. నీ జవాబు వచ్చిన రోజే వెడల్పుది వేద్దామంది. నేను వెయ్యనివ్వలేదు. మీ అమ్మ సంగతి నీకు తెలియదని గద్దించి, నా చేతుల్తో సన్నది బిగించాను.

అరవై ఏడో కిలోమీటరు దాకా దానికీ తర్వాతి అమ్మాయికీ రెండు ఫర్లాంగుల ఎడం. నేను వ్యానులో వెనక వస్తున్నాను. వంతెన మీద కుడికి తిరగడం చూశాను, చక్రం నిలువునా ఆగిపోవడం చూశాను. మోకాలి చిప్ప మూడు ముక్కలైంది, చీలమండ నలిగింది. డాక్టరు రెండుసార్లు కోశాడు. కర్ర సాయంతో నడుస్తుందని, మోకాలు సగమే వంగుతుందని, చక్రం సంగతి మర్చిపొమ్మని చెప్పాడు. దానికి మొన్న ఇరవై నిండాయి. ఉద్యోగం ఆ వెనకొచ్చిన అమ్మాయికి ఇచ్చారు.

అదే రోజు నీకు కబురు చేద్దామన్నాను. అమ్మ భయపడుతుంది, కొంచెం లేచి కూర్చున్నాక చెప్దామంది.

నీ ఉత్తరం ఇంటికి వస్తే పక్కింటావిడ ఆసుపత్రికి తెచ్చిచ్చింది. నేను మందుల కోసం కిందికి వెళ్ళాను. నీ దస్తూరి చూసి, విషయం తెలిసి తనకే రాశావనుకుని పిల్ల కవరు చింపింది. నేను పైకి వచ్చేసరికి చదవడం అయిపోయింది. "ఆ చీలిక అక్కడుందని అమ్మకి ముందే తెలుసా పిన్నీ?" అని అడిగింది. తెలుసని నీ చేతిరాతలోనే ఉంది.

ఇదంతా కాస్త మెత్తగా రాయొచ్చు. రాయాలని లేదు.

చెల్లి


ఏప్రిల్ 6

చెల్లీ,

నీ ఉత్తరం అందిన దగ్గర నుంచీ షాపు తియ్యలేదు.

అది తొక్కుతోందని ఒక్క ముక్క రాసి ఉంటే చీలిక సంగతి ఆ పూటే రాసేదాన్ని. ఫోన్ చేసేదాన్ని, పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. దాచింది నువ్వు. బిగించింది నువ్వు. నా కడుపున పుట్టినదాన్ని నా మీద పంతానికి రోడ్డు మీద నిలబెట్టావు. ఇది ఎన్నిసార్లు అనుకున్నా మనసు కుదుటపడటం లేదు. రాసింది నేనే. టీ తెప్పించింది నేనే. ఆ రాత్రి నిద్రపోయింది నేనే.

యాభై రెండు కిలోలని చదివి నవ్వాను. పోయినసారి సెలవులకి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న తూకం మిషన్ మీద నిలబడి, అది ఆ అంకె నాకు చూపించింది. గుర్తు రాలేదు. కన్నకూతురి బరువు గుర్తు రాలేదు నాకు.

ఒక్క ఉపకారం చెయ్యి. ఆ చివరి ఉత్తరం కాక అంతకుముందువి నీ దగ్గర ఉంటాయిగా, అవి దానికి చూపించు. వెడల్పుదే వెయ్యమని రెండుసార్లు రాశానో లేదో చూడమను. అమ్మ మంచే చెప్పింది, పిన్నే వినలేదని చెప్పు. అబద్ధమేం కాదుగా. ఆ నింద నువ్వు మొయ్యి, నేను నీకు జీవితాంతం దణ్ణం పెడతాను.

మోకాలి కింద దిండు పెట్టనివ్వకు. నొప్పి తగ్గి హాయిగా ఉంటుంది, కానీ కాలు అలాగే బిగుసుకుపోతుంది, నాకు జరిగింది అదే. కట్టు విప్పాక రోజుకి నాలుగుసార్లు మడిచి చాపించాలి, ఏడ్చినా ఆపకు. పుల్లటివి అడుగుతుంది, ఇవ్వు.

నేను రావచ్చా? అడుగు దాన్ని. ఏమందో ఉన్నదున్నట్టు రాయి. ఆసుపత్రి గేటు దాకా వచ్చి వెనక్కి పోవడం నావల్ల కాదు.

అక్క


ఏప్రిల్ 13

అక్కా,

నీ ఉత్తరాలు చూపించాను. నువ్వు అడిగినట్టే, నేనే వినలేదని కూడా చెప్పాను. అది వాటిని తారీఖుల వరసన మంచం మీద పేర్చుకుని, నా ఉత్తరాల్లో నేనేం రాశానో కూడా అడిగి, మొత్తం కథ ఒక పూటంతా కూర్చుని చదివింది. చివరికి అన్నీ మడిచి నా చేతికిచ్చింది.

"అమ్మ రెండుసార్లూ నిజమే చెప్పింది పిన్నీ. నువ్వు నమ్మవని తెలిసి చెప్పింది. నువ్వు నమ్మలేదు. ఇందులో ఎక్కడా నేను లేను."

ఆ తర్వాత నా చేతి నీళ్ళు కూడా ముట్టలేదు. మందులు నర్సు చేత్తోనే వేసుకుంటోంది. దిండు తియ్యమని నర్సుకి చెప్పాను, తీసింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చుంటున్నాను.

నువ్వు రావచ్చా అని మొన్న అడిగాను. రావద్దంది. ఉన్నదున్నట్టు రాయమన్నావు, ఉన్నదున్నట్టే రాశాను. నేను రాసింది నువ్వు నమ్మవని నాకు తెలుసు. కుళ్ళుతో రాశానని, అది అక్కడ అమ్మా అమ్మా అని కలవరిస్తోందని అనుకుంటావు. అనుకుని బస్సెక్కుతావు.

రోగుల్ని చూడనిచ్చే వేళ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. గేటు దగ్గర పుస్తకంలో రాయించుకుని లోపలికి పంపిస్తారు. ఎవరినీ పంపకూడదని రోగి కోరితే వాళ్ళ వివరాలు ఒక చీటీ మీద రాసి అక్కడే అంటిస్తారు. ఇవాళ పొద్దున పిల్ల అడిగి తెప్పించుకుని ఒక చీటీ రాసిచ్చింది. మధ్యాహ్నం లోపలికి వెళ్ళబోతుంటే వాచ్‌మన్ నన్ను ఆపి ఆ చీటీ చూపించాడు. మొదటి వరసలో నువ్వున్నావు, రెండో వరసలో నేను.

చెల్లి